రుస్తావేలి రోడ్డు, సింగ్‌నగర్ మేడ: ఒక కేస్ స్టడీ

ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను. జరిగిన వరస మాత్రం నా డైరీలో ఉన్నట్టే ఉంచాను. విజయవాడలో విదేశీ వైద్యవిద్య కౌన్సెలింగ్ నా పని. ఇదే పనిలో ఉన్నవాళ్లు, పిల్లల్ని దూరదేశం పంపి రాత్రుళ్లు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునే తల్లిదండ్రులు దీన్ని చదవాలని నా కోరిక.

ఫోన్

2024 నవంబర్ 29, శుక్రవారం. తెల్లవారుజాము 4.10.

"మేడమ్ గారూ, నిద్ర లేపానండి, ఏమీ అనుకోవద్దు. అక్కడ కాల్పులు జరుగుతున్నాయి. మా అమ్మాయి ఫోన్ ఎత్తట్లేదు. ఎట్లాగైనా తీసుకొచ్చేయండి."

ఆయనకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. ఇల్లు సింగ్‌నగర్‌లో. ఒక్కతే కూతురు, జార్జియా రాజధాని టిబిలిసిలో మూడో ఏడాది చదువుతోంది. మనం ఎంబీబీఎస్ అంటాం గానీ అక్కడ ఆరేళ్ల కోర్సు, ఇచ్చే పట్టా పేరు ఎండీ. 2022లో ఆ అమ్మాయి అసలు ఉక్రెయిన్ వెళ్లాల్సింది. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలవడంతో ఆ ఫైలు అక్కడే ఆగిపోయి, జార్జియా వైపు తిరిగింది.

ఆయన ఫోన్‌లో చూస్తున్న లైవ్ వీడియో లింకు నాకూ పంపారు. పార్లమెంటు మెట్ల ముందు జనం, నీటి ఫిరంగులు, పొగ, ఢాం ఢాం మని చప్పుళ్లు. రెండు నిమిషాలు చూస్తే తెలిసింది, అవి తుపాకులు కావు. నిరసనకారులు పోలీసుల వైపు వదులుతున్న తారాజువ్వలు. ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన తప్పేమీ కాదు. అప్పటికి దాదాపు మూడేళ్లలో ఆ ఇంట్లో టీవీ చూపించిన దృశ్యాలు అలాంటివి. ఖార్కివ్‌లో సరుకుల క్యూలో నిలబడ్డ కర్ణాటక కుర్రాడు షెల్లింగ్‌లో చనిపోయాడు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద మూక దాడి జరిగింది. జులైలో బంగ్లాదేశ్ అల్లర్లకు మన మెడికల్ విద్యార్థులు సరిహద్దు దాటి వచ్చేశారు, ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వమే కూలిపోయింది. ఇన్ని చూసిన తండ్రికి "ఏం కాదండీ" అన్న మాట మందుగా పనిచేయదు.

టిబిలిసి టైము మనకంటే గంటన్నర వెనక. మనకు 4.10 అంటే అక్కడ రాత్రి 2.40. ఆ అమ్మాయి నిద్రపోతోంది. ఈ చిన్న లెక్క చెప్పాకే ఆయన ఊపిరి కాస్త నెమ్మదించింది. ఉదయం 8.45కి, అక్కడ 7.15కి, అమ్మాయే ఫోన్ చేసింది.

గొడవ ఎక్కడిది

తల్లిదండ్రులకు ఈ నేపథ్యం చెప్పకుండా కౌన్సెలింగ్ చేయడం, జ్వరం ఎందుకొచ్చిందో చెప్పకుండా మాత్ర చేతిలో పెట్టడం లాంటిది. ఆ రోజు మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరినీ ఆఫీసుకు రమ్మని గంటన్నర సేపు ఇదే చెప్పాను.

జార్జియా చిన్న దేశం. జనాభా దాదాపు 37 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభాయే 49 లక్షల దాకా ఉంది. ఉత్తరాన రష్యా, దక్షిణాన టర్కీ, ఆర్మేనియా. యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్నది అక్కడ ఏదో ఒక పార్టీ నినాదం కాదు, రాజ్యాంగంలోనే రాసుకున్న లక్ష్యం. 2023 డిసెంబర్‌లో అభ్యర్థి హోదా కూడా వచ్చింది. అధికార పార్టీ జార్జియన్ డ్రీమ్. దాన్ని స్థాపించినది కోటీశ్వరుడు బిద్జినా ఇవానిష్విలి. 2024 మేలో ఆ పార్టీ విదేశీ ప్రభావం పేరుతో ఒక చట్టం తెచ్చింది. బయటి నిధులు తీసుకునే స్వచ్ఛంద సంస్థలు, మీడియా రిజిస్టర్ చేసుకోవాలన్నది దాని సారాంశం. అధ్యక్షురాలు సలోమే జురాబిష్విలి వీటో చేశారు, పార్లమెంటు దాన్ని తోసిపుచ్చింది. అది బిల్లుగా ఉన్నప్పుడే జనం రోడ్డెక్కారు.

అక్టోబర్ 26న పార్లమెంటు ఎన్నిక. మొత్తం 150 సీట్లు, అన్నీ దామాషా పద్ధతిలోనే, అంటే పార్టీకి పడ్డ ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు. 5 శాతం దాటిన పార్టీలకే చోటు. ఆ రాత్రి ప్రతిపక్షం వైపు ఉన్న టీవీల ఎగ్జిట్ పోల్స్ ప్రతిపక్షాలు గెలుస్తున్నాయన్నాయి. ప్రభుత్వం వైపు టీవీ పోల్ అధికార పార్టీదే గెలుపంది. అధికారిక లెక్కలో జార్జియన్ డ్రీమ్‌కు దాదాపు 54 శాతం, 89 సీట్లు వచ్చాయి. మిగతా 61 సీట్లు నాలుగు ప్రతిపక్ష కూటములు పంచుకున్నాయి.

రిగ్గింగ్ జరిగిందని ప్రతిపక్షాలు అన్నాయని చెప్పినప్పుడు తల్లి ఆపి అడిగింది: "రిగ్గింగ్ అయిందని ఎట్లా తెలుసండీ?" మంచి ప్రశ్న. అంతర్జాతీయ పరిశీలకులు ఓటర్ల మీద ఒత్తిళ్ల గురించి, ముఖ్యంగా ప్రభుత్వోద్యోగుల మీద ఒత్తిళ్ల గురించి, ఓట్ల కొనుగోలు ఆరోపణల గురించి రాశారు. ఓటు రహస్యంగా లేదని కూడా రాశారు. ఆ చివరి సంగతిని ఆమెకు ఒక తెల్లకాగితం, స్కెచ్ పెన్ను తీసుకుని చూపించాను. అక్కడ చాలా బూత్‌లలో ఓటరు బ్యాలెట్ మీద తనకు కావాల్సిన పార్టీ ఎదురుగా ఉన్న గుండ్రాన్ని మార్కర్‌తో నింపి, కాగితాన్ని లెక్కించే మెషీన్‌లోకి తోయాలి. నేను గుండ్రం నింపి కాగితం తిరగేశాను. సిరా వెనక్కి దిగి మచ్చగా కనిపించింది. "అంటే వెనక నిలబడ్డవాడికి తెలిసిపోతుంది," అంది ఆమె. ఒక జిల్లా కోర్టు జడ్జి ఈ ఫిర్యాదు సరైనదే అని తీర్పు ఇచ్చారు, పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఫలితాన్ని ఒప్పుకోనని అధ్యక్షురాలు ఎన్నిక మర్నాడే ప్రకటించారు. ప్రతిపక్షాలు సభను బహిష్కరించాయి. నవంబర్ 25న కొత్త పార్లమెంటు అధికార పార్టీ సభ్యులతోనే సమావేశమైంది.

నవంబర్ 28న రెండు సంగతులు ఒకే రోజు జరిగాయి. ఎన్నిక మళ్లీ పెట్టాలని యూరోపియన్ పార్లమెంటు తీర్మానించింది. ఆ సాయంత్రం ప్రధాని ఇరాక్లి కొబాఖిద్జె, 2028 చివరిదాకా యూరోపియన్ యూనియన్‌లో చేరిక చర్చల ఊసే ఎత్తబోమన్నారు. ఎన్నికల మీద అప్పటిదాకా లోలోపల రగులుతున్న కోపం ఆ ఒక్క ప్రకటనతో వీధిలోకి వచ్చింది. అమ్మాయి తండ్రి చూసిన వీడియో ఆ రాత్రిదే.

అక్కడి పెద్దవాళ్లకు ఇది కొత్త కాదని కూడా చెప్పాను. 2003 నవంబర్ 2న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో మోసం జరిగిందని జనం ఇదే పార్లమెంటు ముందున్న రుస్తావేలి రోడ్డు మీదికి వచ్చారు. గులాబీలు పట్టుకుని సభలోకి నడిచారు. నవంబర్ 23న అధ్యక్షుడు షెవర్డ్‌నాద్జె రాజీనామా చేశారు. 2020 ఎన్నికల తర్వాతా ప్రతిపక్షం సభకు వెళ్లలేదు, నెలల తరబడి మధ్యవర్తిత్వం నడిచింది. ఓడినవాళ్లు తొందరగా ఇళ్లకు పోయే ఊరు కాదది. అలాగని ఊరంతా తగలబడే రకం కూడా కాదు. ఆ తగువు ఒకే రోడ్డు మీద, ఒకే భవనం ముందు నడుస్తుంది.

అక్టోబర్‌లో నేను చేసిన తప్పు

ఇది రాయకపోతే ఈ కేస్ స్టడీకి అర్థం లేదు. అక్టోబర్ 27 ఆదివారం ఇదే తండ్రి ఫోన్ చేసి, "ఎలక్షన్ మీద ఏదో గొడవంట కదా" అని అడిగారు. "ఎన్నికలు అయిపోయాయండీ, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది," అన్నాను. 2003 సంగతి తెలిసీ అన్నాను. పండగ ముందు, దీపావళి పూట, ఆయన మనసు చెడగొట్టడం ఎందుకని అన్నాను. నెల తర్వాత ఆయనకు నా మాట మీద నమ్మకం పోయింది. నవంబర్ 29న నేను చెప్పిన ప్రతి నిజాన్నీ ఆయన ఆ పాత మాటతో తూచారు. మా వృత్తిలో అన్నింటికంటే చేటు చేసేది ఈ ఊరడింపే.

ఆ పిల్ల కాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయి

ఆ సాయంత్రం అమ్మాయితో వీడియో కాల్. తల్లిదండ్రులు నా పక్కనే కూర్చున్నారు. దేశం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా తన రోజంతా చెప్పమన్నాను.

ఆమె ఉండేది సబుర్తాలో అనే ప్రాంతంలో, డెలిసి మెట్రో స్టేషన్ దగ్గర. మెడికల్ కాలేజీలున్న వజా-ప్షవేలా రోడ్డు అక్కడికి నడకదూరం. ఇంటి కింద రొట్టెల కొట్టు ఉంది. మన తందూరీ పొయ్యి లాంటి మట్టి బానలో కాల్చే పొడుగాటి రొట్టె, పొద్దున్నే అదే టిఫిన్. కాలేజీకి నడిచే వెళ్తుంది. వారానికి రెండు రోజులు ఆసుపత్రి, అదీ అదే వైపు. సరుకులు వీధి చివర. పార్లమెంటు ఉన్న రుస్తావేలి రోడ్డు అక్కడికి నాలుగైదు కిలోమీటర్లు, మెట్రోలో స్టేషన్ స్క్వేర్ దగ్గర లైను మారాలి. నెలకు ఒకటి రెండుసార్లు షికారుకు తప్ప అటు వెళ్లదు.

నేను ఆమె చెప్పింది చెప్పినట్టు కాగితం మీద గీశాను. ఇల్లు, కొట్టు, కాలేజీ, ఆసుపత్రి. దూరంగా, కాగితం రెండో మూలన, పార్లమెంటు. తండ్రి ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

అప్పుడు తల్లి అన్న మాట నేను ఎంత ఆలోచించినా తట్టేది కాదు. "సెప్టెంబర్‌లో ఇది మమ్మల్ని చూసి ఇట్టాగే ఏడ్చిందండీ."

సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ మునిగింది. వాళ్ల ఇంట్లో కింద భాగమంతా నీళ్లు. రోజుల తరబడి పై అంతస్తులో ఉన్నారు. పడవలు, డ్రోన్లతో జారవిడిచిన ఆహార పొట్లాలు, పాల ప్యాకెట్లు. టిబిలిసిలో కూర్చున్న పిల్లకు టీవీలో కనిపించింది మునిగిన విజయవాడ. మేడ మీద గోడకు ఆనుకుని పులిహోర పొట్లం విప్పుకుంటున్న అమ్మానాన్న కాదు. "మేం బానే ఉన్నాం తల్లీ" అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. ఇప్పుడు ఆమె చెబుతున్న అదే మాటను వీళ్లు నమ్మడం లేదు.

టికెట్టు

తండ్రి డిసెంబర్ 2కి వన్‌వే టికెట్ కొనాలని పట్టుబట్టారు. ఢిల్లీకి నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి గన్నవరం. రేటు ఆయన మామూలుగా కట్టేదానికి దాదాపు రెండింతలు చూపిస్తోంది. వరదలో షాపు సరుకు కొంత, ఇంట్లో సామాను చాలా పోయిన ఏడాది అది. ఫ్రిజ్ ఇంకా కొనలేదు. అయినా డబ్బు మాట ఆయన ఎత్తనే లేదు. ఎత్తింది నేనే.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. 2021 నవంబర్ 18న గెజిట్‌లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం, ఆ తర్వాత విదేశాల్లో చేరినవాళ్లు కనీసం 54 నెలల కోర్సు, దాని పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ మొదటి నుంచి చివరిదాకా ఒకే కాలేజీలో చేయాలి. చేరిన పదేళ్లలోపు అంతా ముగియాలి. మధ్యలో కాలేజీ మారితే ఇక్కడ రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు. ఉక్రెయిన్ పిల్లలకు 2022 సెప్టెంబర్‌లో వేరే దేశంలో తాత్కాలికంగా చదివే వీలిచ్చారంటే అది యుద్ధం వల్ల. పట్టా మాత్రం పాత కాలేజీయే ఇవ్వాలన్నారు. పార్లమెంటు ముందు నిరసనలకు అలాంటి మినహాయింపు రాదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివిన వాళ్లు ఎన్ని తిప్పలు పడ్డారో చైనా, ఉక్రెయిన్ బ్యాచ్‌ల తల్లిదండ్రుల్ని అడిగితే చెబుతారు.

ఆ వారంలోనే ఆ కుటుంబానికి ఒక ఏజెంటు ఫోన్ చేశాడట. "జార్జియా పని అయిపోయింది, ఇప్పుడే ఇంకో దేశానికి ట్రాన్స్‌ఫర్ చేయిస్తాం, అడ్వాన్స్ కట్టండి" అని. నాకు ఒళ్లు మండింది. భయంలో ఉన్న మనిషికి చెల్లని దారి అమ్మడం కంటే పాపం ఇంకొకటి లేదు. నిబంధన ప్రింటు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి తండ్రి చేతికిచ్చాను. అది తీసుకెళ్లి ఆ ఏజెంటునే అర్థం చెప్పమని అడగమన్నాను. మళ్లీ ఫోన్ రాలేదట.

రావద్దని నేను చెప్పలేదు. ఎప్పుడు రావాలో ముందే రాసుకుందాం అన్నాను. కాలేజీ తనంతట తాను తరగతులు ఆపినా, డెలిసి వైపు గొడవ వచ్చినా, మెట్రో నిలిచిపోయినా, మన దౌత్య కార్యాలయం విద్యార్థుల్ని కదలమన్నా, ఆ మర్నాడే బయల్దేరాలి. ఎంత రేటైనా సరే, ఎవరూ వాదించకూడదు. వీటిలో ఏదీ జరగకపోతే జనవరి పరీక్షలు రాసి రావాలి. ఆ కాగితం మీద తండ్రి, తల్లి సంతకం పెట్టారు. అమ్మాయి ఫోటో తీసుకుని తన తలుపు వెనక అంటించుకుంది.

జార్జియా విద్యార్థులు చాలా యూనివర్సిటీల్లో తరగతులు వదిలి ఊరేగింపులకు వెళ్తున్న రోజులవి. ఆమె క్లాసులో విదేశీ బ్యాచ్‌కు పాఠాలు ఆగలేదు.

అమ్మాయి చెప్పని సంగతి

డిసెంబర్ 3 రాత్రి నాకు మెసేజ్ వచ్చింది. "ఆంటీ, కళ్లు మంటలు తగ్గట్లేదు. ఏ చుక్కలు వేసుకోవాలి? అమ్మకు చెప్పొద్దు."

డిసెంబర్ 1 ఆదివారం రాత్రి ఆమె మరో ఇద్దరితో కలిసి రుస్తావేలికి వెళ్లింది. నినాదాలు చేయలేదు, జెండా పట్టుకోలేదు. ఒక పక్కన నిలబడి చూసింది. బాష్పవాయువు వచ్చేసరికి ఎటు పరిగెత్తాలో తెలియలేదు. ఎవరో ఒకావిడ ఆమెను ఒక గుమ్మంలోకి లాగి, కళ్లలో సెలైన్ పోసి, మెడలో ఉన్న స్కార్ఫ్ తడిపి ముక్కుకు అడ్డం పెట్టిందట. అర్ధరాత్రికి మెట్రో ఆగిపోతుంది. హీరోస్ స్క్వేర్ మీదుగా గంటకు పైగా నడిచి ఇంటికి చేరారు.

ఎందుకు వెళ్లావు అని అడిగాను. "మా ఇంటి ఓనరావిడ మనవడు రోజూ వెళ్తున్నాడు ఆంటీ. ఆవిడ రాత్రంతా వంటింటి కిటికీ దగ్గరే కూర్చుంటుంది. మూడేళ్లుగా ఈ ఊరి రొట్టె తింటున్నాను. ఏం జరుగుతోందో చూడకుండా ఎట్లా ఉంటాను?"

నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. అయినా ఇంకోసారి వెళ్లొద్దనే చెప్పాను. కారణం పిరికితనం కాదని ఆమెకు వివరించాను. ఆ రోజుల్లో వందల మందిని నిర్బంధించారు. రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్న విద్యార్థికి ఒక్క పోలీసు కేసు చాలు, చదువు మొత్తం చిక్కులో పడుతుంది. అంతకంటే ముఖ్యం, ఈ నిరసన వెనక విదేశీయులున్నారన్నది అక్కడి ప్రభుత్వం మాట. జనంలో ఒక విదేశీ ముఖం ఫోటోలో పడితే ఆ మాటకు సాక్ష్యంగా వాడుకుంటారు. నువ్వు ఎవరి కోసం వెళ్లావో వాళ్లకే అది చెడుపు. ఈ మాటకు ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

ఇక తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా. ఆమెకు ఇరవై ఏళ్లు, మేజరు. ఫీజు కట్టేది వాళ్లు. నన్ను నమ్మి చెప్పింది తను. నన్ను నమ్మి పంపింది వాళ్లు. మా వృత్తిలో దీనికి రాసిపెట్టిన నియమం లేదు. అక్టోబర్‌లో ఒక తియ్యటి అబద్ధం చెప్పిన దాన్ని, డిసెంబర్‌లో ఒక నిజం దాచడానికి నా మనసు ఒప్పుకోలేదు. "రేపు రాత్రి నాన్న ఫోన్‌లో నువ్వే చెప్పు. నేను లైన్‌లో ఉంటాను. నువ్వు చెప్పకపోతే ఎల్లుండి నేను చెబుతాను," అన్నాను. ఒక రాత్రంతా నా మీద అలిగింది.

మర్నాడు రాత్రి తొమ్మిదిన్నరకు చెప్పింది. తండ్రి ఒక్కసారిగా లేచారు. ఆమె మీద అరిచారు, నా మీద అంతకంటే ఎక్కువ అరిచారు. అన్నీ విన్నాను. ఆయన ఆగాక అమ్మాయి నెమ్మదిగా అంది: "నాన్నా, సెప్టెంబర్‌లో పక్కింటి మామ్మను తీసుకురావడానికి గొంతులోతు నీళ్లలో దిగావు కదా. నాకు చెప్పావా? వారం తర్వాత పిన్ని పంపిన వీడియోలో చూశాను."

అవతల చప్పుడు లేదు. చివరికి తల్లి గొంతు వినిపించింది. "కళ్లు ఇప్పుడెట్లా ఉన్నాయే?"

ఈ కేసులో నేను ఇచ్చిన సలహాలన్నింటి కంటే ఎక్కువ పనిచేసింది ఆ అయిదు నిమిషాల మౌనం. ఆ రాత్రి వాళ్ల ముగ్గురి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. ఎవరికి ఏం జరిగినా అదే రోజు చెప్పుకోవాలి. విన్నవాళ్లు ముందు అరవకూడదు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు, అక్కడ ఎనిమిదికి, ఫోన్. నిరసన మొదలయ్యేదీ దాదాపు ఆ వేళకే.

డిసెంబర్ 14

ఆ శనివారం కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకున్నారు. ప్రజలు నేరుగా ఓటేసే పద్ధతి పోయి, 300 మంది ఎలక్టర్లు ఎన్నుకునే పద్ధతి వచ్చింది. బరిలో ఉన్నది ఒక్కరే, మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు మిఖైల్ కవెలాష్విలి. 224 ఓట్లు పడ్డాయి. ఆయనకు ఉన్నత విద్య లేదని ఎత్తిచూపడానికి జనం తమ డిగ్రీ పట్టాలు తెచ్చి పార్లమెంటు ముందు ఎత్తి పట్టుకున్నారు, చలిలో బంతాట ఆడారు. ఆ రోజు ఊళ్లో ఏం జరుగుతుందోనని నా దగ్గరున్న జార్జియా కుటుంబాలన్నీ రుస్తావేలి వైపే చూస్తున్నాయి. నేనూ అంతే.

అదే రోజు టిబిలిసికి ఉత్తరాన, గుడౌరి అనే కొండ ఊళ్లో ఒక ఇండియన్ రెస్టారెంట్ పై అంతస్తులో 12 మంది శవాలు దొరికాయి. అక్కడే పనిచేసేవాళ్లు. వాళ్లలో 11 మంది మన దేశస్థులు. ముందురోజు కరెంటు పోతే పడకగదుల పక్కన మూసి ఉన్న చోట జనరేటరు వేశారు. కార్బన్ మోనాక్సైడ్. నిద్రలోనే పోయారు.

16న ఆ వార్త చదివి నా ఫైళ్లన్నీ ముందేసుకున్నాను. ప్రతి విద్యార్థి ఇంటి నుంచి పార్లమెంటు ఎంత దూరమో నా దగ్గర రాసి ఉంది. ఏ ఒక్కరి గదిలో ఏ హీటర్ ఉందో, దాని పొగ ఎటు పోతుందో రాసి లేదు. అడగనేలేదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, హీటర్ వీడియో తీసి పంపమన్నాను. మా సింగ్‌నగర్ అమ్మాయి గదిలో గోడకు గ్యాస్ హీటరు. పొగ బయటికి పోయే గొట్టం కిటికీ దగ్గర సగం ఊడి, దాని చుట్టూ చలిగాలి రాకుండా గుడ్డ కుక్కి ఉంది. చలికని ఆ గుడ్డ కుక్కింది ఆ పిల్లే.

ఇంటావిడను పిలిపించి మెకానిక్‌తో బాగు చేయించేదాకా హీటరు వేయొద్దన్నాను. రెండు రాత్రులు ఆ పిల్ల ఇంటావిడ గదిలోనే పడుకుంది. గ్యాస్ పసిగట్టే అలారం కొనుక్కోవడానికి తండ్రి ఆ రాత్రే డబ్బు పంపారు. డిసెంబర్ 2 టికెట్ డబ్బులో అది ఎన్నో వంతో నేను లెక్కేయలేదు.

ఆ తర్వాత

డిసెంబర్ 29న జురాబిష్విలి అధ్యక్ష భవనం వదిలి జనం మధ్యకు వెళ్లారు, కవెలాష్విలి ప్రమాణం చేశారు. రాజీ కుదరలేదు. రోడ్డు అడ్డగిస్తే వేసే జరిమానా 500 లారీల నుంచి 5000 లారీలకు (లారీ అంటే అక్కడి కరెన్సీ) పెరిగింది. నిరసనలు మాత్రం ప్రతి రాత్రీ సాగాయి. మా కాగితం మీద రాసుకున్న షరతుల్లో ఒక్కటీ తగల్లేదు. అమ్మాయి జనవరి పరీక్షలు రాసింది, ఫిబ్రవరిలో పది రోజులు ఇంటికొచ్చింది. వెళ్లేటప్పుడు రెండు గోంగూర పచ్చడి సీసాలు తీసుకెళ్లింది, ఒకటి ఇంటావిడకు.

ఇప్పుడు నా దగ్గర కొత్త ఫైలు తెరిస్తే మొదట గది ఫోటోలు అడుగుతున్నాను. హీటరు, కిటికీ, మెట్లు. తర్వాత ఇంటి అడ్రసు జార్జియన్ లిపిలో, పాస్‌పోర్టు, పర్మిట్ కాపీలు, గడువు తేదీ. పర్మిట్ దరఖాస్తు గడువుకు కనీసం 40 రోజుల ముందు వేయాలి కాబట్టి దాన్ని తల్లిదండ్రుల క్యాలెండర్‌లో కూడా రాయిస్తున్నాను. ఆపద వేళ తలుపు తట్టగలిగే అక్కడి పెద్దవాళ్ల నంబరు ఒకటి. చివరగా పిల్లల్నీ పెద్దల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెడు కబురు ఎలా చెప్పుకుంటారో అడుగుతున్నాను. చాలా ఇళ్లలో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

2025 అక్టోబర్ 4న అక్కడ స్థానిక ఎన్నికలు. ఆ రోజు జనంలో కొందరు అధ్యక్ష భవనంలోకి చొరబడబోయారు. మళ్లీ నీటి ఫిరంగులు, మళ్లీ పొగ, మళ్లీ మన ఫోన్లలో అవే లైవ్ వీడియోలు. నేను ఫోన్ పక్కనే పెట్టుకుని మెలకువగా ఉన్నాను. ఆయన చేయలేదు. ఉదయం ఆరున్నరకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఉంది.

"మేడమ్ గారూ, రాత్రి అమ్మాయితో మాట్లాడాను. డెలిసిలోనే ఉంది. ఇంటావిడ మనవడు కూడా ఇంటికి వచ్చేశాడంట, ఆవిడకు ఫర్వాలేదని చెప్పమన్నాను. చలి మొదలైంది కదా, హీటరు గొట్టం మళ్లీ ఒకసారి చూపించమన్నాను. మీరు పడుకోండి."